చవక రంగు

పూర్ణా మార్కెట్ వెనక సందులోని మ్యాచింగ్ సెంటర్‌లో ఆరువందల పన్నెండు రంగుల జాకెట్టు గుడ్డలుండేవి. ప్రతి తానుకీ కొసన నెంబరు చీటీ కుట్టి ఉండేది. అక్కడ పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్న నూకరత్నానికి ఆ చీటీలతో ఎప్పుడూ పని పడలేదు.

కస్టమరు కవరులోంచి చీర తీసి కౌంటరు మీద పరిచేది. రత్నం ఒక్కసారి చూసి, వెనక్కి తిరిగి, అరలోంచి ఒక తాను లాగేది. ముక్క చించేముందు మాత్రం చీరనూ తానునూ పట్టుకుని, కస్టమరును వెంటబెట్టుకుని వీధిలోకి నడిచేది. ఎంత రద్దీ ఉన్నా ఆ పని మానేది కాదు.

“ట్యూబులైటు కింద అందరూ చుట్టాలేనమ్మా. ఎండలోకి రండి, ఎవరు ఎవరికేటవుతారో తెలిసిపోద్ది,” అనేది.

ఆమె తమ్ముడు గౌరినాయుడు ఒక మధ్యాహ్నం కౌంటరు పక్కన స్టూలు వేసుకుని కూర్చుని లెక్కపెట్టాడు. రెండు గంటల్లో ముప్ఫైనాలుగు చీరలు వచ్చాయి. ముప్ఫైమూడింటికి ఆమె లాగిన మొదటి తానే సరిపోయింది. ముప్ఫైనాలుగోదానికి సరిపోయే గుడ్డ ఏ మిల్లూ వెయ్యలేదని ఆమె చెప్పింది. షాపు యజమాని కామేశం అరలన్నీ వెతికి, ఆమాట నిజమేనన్నాడు.

గౌరినాయుడు రుషికొండ మీద ఒక ప్రయోగశాలలో ఇంజనీరు. మర్నాడు తమ డైరెక్టరు భారవితో మాట్లాడాడు. వారం తిరక్కుండా రత్నం ఉదయం ఏడింటికి కొండ మీదికి రావడం, తొమ్మిదింటికి బస్సెక్కి షాపుకి వెళ్ళడం మొదలైంది.

మొదటిరోజు గౌరినాయుడు ఆమెను చీకటిగదిలో కూర్చోబెట్టి, గడ్డం ఆనించుకునే చెక్క ఎత్తు సరిచేశాడు. ఎదుట తెర మీద రెండు చతురస్రాలు వెలిగాయి. రెండూ ఒకటే అనిపిస్తే ఎడమ మీట, వేరనిపిస్తే కుడి మీట నొక్కాలి.

“ఇది దేనికిరా?” అంది రత్నం.

“ఫోను తెర మీద ప్రతి చుక్కలోనూ మూడు దీపాలుంటాయప్పా. ఎరుపు, ఆకుపచ్చ, నీలం. నీలం దీపం కరెంటు ఎక్కువ తింటాది. మన కంటికి తేడా తెలీని రంగులు కొన్నుంటాయి కదా. వాటిలో కరెంటు తక్కువ తినేది ఏదో చూసి, దాన్ని వేస్తాం.”

“అంటే కస్టమరు అడిగిన ముక్కకి బదులు పక్క ముక్క చించి ఇచ్చీడం.”

“అదే.”

“కస్టమరుకి తెలీకండా.”

“తెలీకండా.”

“మా షాపులో ఆ పని చేస్తే కామేశం గారు సాయంత్రానికి ఇంటికి పంపించీస్తారు. మీకు జీతాలిస్తన్నారేటి?”

గదిలో ఉన్న ముగ్గురూ నవ్వారు. భారవి కూడా నవ్వాడు. ల్యాబులో ఆ పద్ధతిని చవక రంగు అని పిలిచేవారు. మామూలు కళ్ళతో కొలిస్తే దానివల్ల కరెంటు పద్దెనిమిది శాతం ఆదా అయింది. రత్నం కంటితో కొలిస్తే ఏడు శాతమే. ఆమె అన్ని తేడాలూ పట్టేసేది. ఫోన్ల కంపెనీ అడిగింది నలభై శాతం.

భారవి దగ్గర రెండో పద్ధతి ఉంది. తెర మీద ఒక బొమ్మకీ తర్వాతి బొమ్మకీ మధ్య, సెకనులో నూట ఇరవయ్యో వంతు సేపు ఒక గళ్ళ నమూనా వస్తుంది. అది వచ్చిపోయినట్టు చూసేవాడికి తెలియదు. కంటి వెనక పొరకు తెలుస్తుంది. ఆ తర్వాత ఆ పొర దగ్గరదగ్గర రంగుల్ని ఒకటిగా లెక్కగడుతుంది. దీన్ని ల్యాబులో నానబెట్టడం అనేవారు. తొమ్మిదిమంది విద్యార్థులకు మూడు వారాలు నానబెట్టి చూశారు. తెర ముందునుంచి లేచిన నాలుగు గంటలకు అందరి చూపూ మామూలైంది. మనుషులు ఎలాగూ రాత్రి నిద్రపోతారు కాబట్టి ఆ నాలుగు గంటల విశ్రాంతి అందరికీ దొరుకుతుందని నివేదికలో రాశారు.

మార్చి రెండున రత్నానికి రెండువందల జతలు చూపించారు. నూట తొంభై వేరని చెప్పింది. తర్వాత పది నిమిషాలు నానబెట్టి అవే జతలు చూపించారు. నలభై ఒకటే వేరంది.

“మీ యంత్రం పాడయిందేటిరా? అన్నీ ఒకటే వస్తన్నాయి,” అంది.

రత్నానికే తెలియకపోతే ఇంకెవరికీ తెలియదు. భారవి ఆరోజు అందరికీ మాడుగుల హల్వా తెప్పించాడు. ఆదా నలభై ఒక్క శాతం తేలింది. వారంలోపల ల్యాబులోని తెరలన్నిటికీ ఆ పద్ధతి పెట్టారు. వరండాలో ఒక బోర్డు వేలాడదీశారు. ఇక్కడి కంప్యూటర్లు ఇదివరకటి కరెంటులో సగం చిల్లరతోనే నడుస్తున్నాయని దాని మీద రాశారు.

పరీక్షకు ముందు ప్రతిరోజూ రత్నం మామూలు చూపు కొలవాలి. అది పద్ధతి. పది నిమిషాల పని. కొలవవలసింది గౌరినాయుడు. కంచరపాలెం నుంచి ఆమె ఎక్కే బస్సు ఆలస్యమయ్యేది, షాపుకి టైము దాటితే కామేశం గొణిగేవాడు. అందుకని ఏప్రిల్ నుంచి గౌరినాయుడు ఆ పది నిమిషాలూ వదిలేశాడు. మార్చి రెండునాటి నూట తొంభైనే ప్రతిరోజూ గడిలో దించుతూ వచ్చాడు. చిన్నప్పటినుంచీ చూస్తున్న అప్ప చూపు. అది మారుతుందని అతనికి తోచలేదు.

ఆ నెలలోనే ఆమెకు ఒక ఫోను ఇచ్చాడు. కస్టమర్లు చీరల ఫోటోలు వాట్సాప్‌లో పంపేవారు. ఆమె పాత ఫోను మధ్యాహ్నం మూడింటికి చార్జింగు అయిపోయి చచ్చేది. షాపులో ఉన్న ఒక్క ప్లగ్గూ ఇస్త్రీపెట్టెది. ల్యాబులో పరీక్ష కోసం చేసిన ఫోన్లు పన్నెండున్నాయి. బయటికి తీసుకువెళ్ళకూడదు. గౌరినాయుడు ఒకటి పగిలిందని చెప్పి తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టాడు. ఒకసారి చార్జింగు పెడితే నాలుగురోజులు వచ్చింది.

“మా తమ్ముడు తయారుచేసిన ఫోను,” అని ఆమె సందులో ఉన్న ప్రతి షాపులోనూ చూపించి వచ్చింది.

సెప్టెంబరు మూడో వారంలో కామేశం నుంచి గౌరినాయుడికి ఫోనొచ్చింది. కామేశం బటన్ల ఫోను వాడేవాడు, దాంట్లో గట్టిగా అరవకపోతే అవతలివాళ్ళకి వినిపించదని అతని నమ్మకం.

“నాయుడూ, ఒకసారి రావాలయ్యా. రత్నం సంగతి.”

వెళ్ళేసరికి కౌంటరు మీద పన్నెండు జాకెట్టు ముక్కలూ పన్నెండు చీరలూ ఉన్నాయి. గాజువాక పెళ్ళివారివి. పెళ్ళికూతురి మేనత్త చీరలు మడతపెట్టే బెంచీ మీద కూర్చుని ఉంది.

“పన్నెండుకి తొమ్మిది తేడా బాబూ,” అంది ఆవిడ. “రత్నం గారు ఎంచిందని మేం ఇంట్లో విప్పైనా చూళ్ళేదు. కుట్టడానికిస్తే టైలరు నవ్వాడు. వాడు నవ్వేడంటే చూడండి.”

“నాను ఎండలోనే చూసానండి,” అంది రత్నం. “ఈవిడా చూసింది.”

“మీరు సరిపోయిందన్నాక నేనేం చూస్తాను తల్లీ? మీ మొహం చూశాను.”

కామేశం ఆవిడకి కాఫీ తెప్పించి, ముక్కలన్నీ మార్చి ఇచ్చి పంపాడు. తానుల్ని అతనే లాగాడు. రత్నం పక్కన నిలబడి చూస్తూ ఉంది.

“ఇది మూడోసారి నాయుడూ,” అన్నాడు ఆవిడ వెళ్ళాక. “ఒంట్లో బాగులేదా అంటే బాగుందంటుంది.”

“ఏటి బాగోలేదండీ? నాకు బాగానే కనపడతాంది,” అంది రత్నం. తమ్ముడి వైపు తిరిగింది. “ఇదివరకు ఒక చీరకి ఒక్క తానే సరిపోయేదిరా. ఇప్పుడు ఐదారు సరిపోతన్నాయి. పని తేలికయింది. చెయ్యి తిరగడం అంటే ఇదేనేమో అనుకున్నాను.”

గౌరినాయుడు నీలం అరల నుంచీ, వంగపండు అరల నుంచీ నెంబర్లు చూసి పక్కపక్క తానులు ఇరవై జతలు తీశాడు. చీటీలు లోపలికి మడిచి ఒక్కొక్క జతా ఎండలో ఆమె ముందు పెట్టాడు. ఆమె పదిహేడు జతలు ఒకటేనంది. కామేశం గడపలో నిలబడి చూస్తున్నాడు. ఆరో జత దగ్గర అతనికి ఓపిక పోయింది.

“వేళాకోళమా రత్నం? నెమలికంఠమూ, రామా గ్రీనూ ఒకటేనా? ఇక్కణ్ణుంచి నాకే తెలుస్తోంటేను!”

ఆమె ఆ రెండిటినీ కంటి దగ్గరికి తెచ్చుకుంది. దూరం పెట్టింది. నీడలో ఒకసారి, ఎండలో ఒకసారి చూసింది.

“ఒకటేనండి,” అంది.

గౌరినాయుడు ఆమె ఒకటన్న జతల నెంబర్లు కాగితం మీద వేశాడు. ఏ రంగు ఏ వైపుకి జరిగితే కరెంటు ఎంత మిగులుతుందో చెప్పే పట్టిక అతనికి కంఠతా వచ్చు. ఆమె పోగొట్టుకున్న తేడాలన్నీ ఆ పట్టికలో ఉన్నవే. ఒక్కటి కూడా దాని బయట లేదు.

“నీ ఫోను ఏది అప్పా?”

ఆమె సంచీలోంచి తీసి ఇచ్చింది. రోజుకి ఎంతసేపు వాడిందో దాంట్లోనే ఉంది. సగటున పదకొండు గంటలు.

అతను నానబెట్టడం గురించీ, నాలుగు గంటల గురించీ, తాను కొలవకుండా వదిలేసిన పది నిమిషాల గురించీ చెప్పాడు.

“నువ్విచ్చిన ఫోనేటిరా?”

“అవునప్పా.”

ఆమె ఫోను అద్దాన్ని పైటచెంగుతో తుడిచి కౌంటరు మీద పెట్టింది. “చార్జింగు మాత్రం బాగా ఆగేదిరా,” అంది.

మర్నాటి నుంచి కామేశం ఆమెను ఫాల్స్ కుట్టే మిషను దగ్గర కూర్చోబెట్టాడు. ఆమె పదిహేను రోజులు తమ్ముడితో మాట్లాడలేదు.

గౌరినాయుడు ఆ ఇరవై జతల నుంచీ జానెడేసి ముక్కలు కత్తిరించి, వెనక నెంబర్లు వేసి ల్యాబుకి తీసుకెళ్ళాడు. భారవి గదిలో తలుపు వేసి మొత్తం చెప్పాడు. ఫోను దొంగిలించిన సంగతీ, అంకె దించిన సంగతీ చెప్పాడు.

భారవి కోప్పడలేదు. కుర్చీ వెనక్కి వాలాడు.

“ఆమె రోజుకి పదకొండు గంటలు చూసింది. రాత్రి పడుకుంది. అంటే కొనుక్కున్నవాడు ఎలా వాడతాడో అలాగే వాడింది,” అన్నాడు గౌరినాయుడు.

“అది నాకు అర్థమైంది. ఫోన్లు పంతొమ్మిది రోజుల్లో మార్కెట్లోకి వస్తున్నాయి. కోటీ అరవై లక్షలు. గోడౌన్లకి చేరిపోయాయి. మనం పద్ధతిని కంపెనీకి అమ్మేశాం గౌరీ, ఆపే మీట మన దగ్గర లేదు. ఏం చూపించి ఆపమనాలి? ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా నువ్వు రాసిన ప్రతి అంకె ఆమె కళ్ళు బాగున్నాయనే చెప్తోంది.”

“ఇవి చూపిద్దాం.” గౌరినాయుడు సంచీలోంచి ముక్కలు తీసి బల్ల మీద జతలుగా పేర్చాడు. “ఇందులో పదిహేడు జతలు ఆమె ఒకటేనంది.”

భారవి కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నాడు. మొదటి జత చూశాడు. రెండోది చూశాడు. చివరిదాకా చూసి మళ్ళీ మొదటికొచ్చాడు.

“నువ్వు తెచ్చినవి సరైనవేనా?”

“ఎందుకండీ?”

“ఈ చివరి మూడూ సరే, వేరే. మిగతావి ఒకటేగా?”

అతను అబద్ధం ఆడేవాడు కాడు. పన్నెండేళ్ళ పరిచయంలో గౌరినాయుడికి ఆ సంగతి తెలుసు. గౌరినాయుడు కిటికీ తెర లాగి వెలుతురు రానిచ్చి, బల్ల మీదికి వంగాడు. షాపులో నెంబర్లు చూసి తీశాడు, నెంబర్లు చూసి రాశాడు, నెంబర్లు చూసి కత్తిరించాడు. గుడ్డను చూడటం అదే మొదటిసారి.

పదిహేడు జతలూ ఒకటిగా ఉన్నాయి.

ఆ సాయంత్రంలోగా ల్యాబులో పద్నాలుగుమందికి ఆ ముక్కలు చూపించారు. పద్నాలుగుమందీ అవే పదిహేడు జతలు ఒకటన్నారు. కొందరు మొదట పదిహేనే అన్నారు, మళ్ళీ చూపిస్తే వాళ్ళూ పదిహేడే అన్నారు. వంటగదిలో టీ పెట్టే అమ్మోరమ్మ ఒక్కతే ముక్కలు చూసి, ఇవి వేరేవి కదా అని వాళ్ళవైపు వింతగా చూసింది. ఆమెకు ల్యాబులో కంప్యూటరు లేదు. ఆమె మర్నాడు పనిలోకి రాగానే, తనను ఎందుకు అడిగారోనని భయపడి, తనకేమీ తెలియదనీ, రంగుల సంగతి తనను అడగొద్దనీ చెప్పింది.

భారవి కంపెనీకి ఉత్తరం రాశాడు. ఆధారం కోసం కామేశానికి గుడ్డముక్కల పరీక్ష పెట్టి ఆ ఫలితం జతచేశాడు. ఇరవై జతల్లో ఇరవయ్యీ వేరని కామేశం చెప్పాడు. పదో రోజున జవాబొచ్చింది. అరవై ఒక్క ఏళ్ళ మనిషికి కంటి లెన్సు పసుపుబారి ఉంటుంది, అతని చూపును ప్రమాణంగా తీసుకోలేము, పైగా మీ ప్రయోగశాలలోనే పద్నాలుగుమంది అతనితో ఏకీభవించలేదు, అని రాశారు. ఫోన్లు అనుకున్న తేదీకి వచ్చాయి. కరెంటు ఆదా గురించి పత్రికలు రాశాయి. ఆ లెక్క నిజమే.

రత్నం మూడు నెలలు కామేశం పాత బటన్ల ఫోను వాడింది. గౌరినాయుడు ప్రతి ఆదివారం కంచరపాలెం వెళ్ళి ఇరవై జతలూ ఆమె ముందు పేర్చాడు. మొదటివారం పదిహేడు. పదమూడోవారం పదిహేడు. కంటి ఆసుపత్రిలో పొరలన్నీ ఫోటోలు తీసి, జబ్బేమీ లేదన్నారు.

పదమూడో ఆదివారం ఆమె ముక్కలన్నీ ఒక కట్టగా చుట్టి అతని చేతికిచ్చింది.

“ఇంక తేకు. ప్రతీవారం ఓడిపోడానికి కూకోలేనురా. నాకేటీ తక్కువైనట్టు లేదు, అదేరా బాధ. పోయిందేటో తెలిస్తే ఏడిస్తానేమో.”

“అప్పా, నేను…”

“తెలుసులే. చేపల పులుసు ఉంది, తినీసి ఎళ్ళు.”

అతను తిని వెళ్ళాడు.

రెండో ఏడాది శ్రావణమాసానికి ఆ కంపెనీ ఫోన్లు నాలుగు కోట్లు దాటాయి. మిగతా కంపెనీలు కూడా ఆ పద్ధతిని కొన్నాయి. టీవీలకీ పెట్టారు. గౌరినాయుడు ఉద్యోగం మానేసి ఒక పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతున్నాడు. నానబెట్టడం మీద వ్యాసాలు మూడు రాశాడు. వేసుకునేవారు దొరకలేదు. ఒక సంపాదకుడు మాత్రం ఫోను చేసి, మీరు పంపిన రంగుబొమ్మల్లో రెండు గళ్ళూ ఒకేలా ఉన్నాయి, అచ్చుతప్పేమో చూసుకోండి అన్నాడు.

కామేశం మళ్ళీ కబురు చేశాడు. ఈసారి ఫోనులో అరవలేదు. వీలున్నప్పుడు రమ్మన్నాడు.

షాపులో రత్నం తిరిగి అరల దగ్గర ఉంది. కస్టమర్లు ఆమెనే అడుగుతున్నారు. ఏడాదిగా ఒక్క ముక్క వెనక్కి రాలేదు. అరలు మాత్రం కొన్ని ఖాళీగా ఉన్నాయి. అమ్ముడుపోయే తేడా లేదని మిల్లువాళ్ళు రంగులు తగ్గించారు. ఇప్పుడు మూడువందల డెబ్బై.

మధ్యాహ్నం భోజనాల వేళ. కామేశం క్యారేజీ విప్పకుండా పక్కన పెట్టాడు.

“కంటాసుపత్రికి రెండుసార్లు వెళ్ళొచ్చాను నాయుడూ. శుక్లాలు లేవన్నారు. నిన్న ఒకావిడ నెమలికంఠం చీరకి రామా గ్రీన్ ముక్క పట్టుకెళ్ళింది. ఆవిడకి బాగుంది. ఆవిడ కూతురికి బాగుంది. రత్నానికి బాగుంది. నాకొక్కడికే తేడా. మొన్న మా బావమరిది ఇంట్లో పెళ్ళికి వెళితే పందిట్లో ఎవరి జాకెట్టూ ఎవరి చీరకీ అతకలేదు. మా ఆవిడతో అన్నాను. అందరి బట్టల మీదా నీ కళ్ళేమిటని చివాట్లు పెట్టింది. ఇప్పుడు నాకు మతి తప్పుతోందేమోనని ఏడుస్తోంది.”

“మీ కళ్ళు బాగున్నాయండి. మీకు కనపడేదే నిజం.”

“అప్పుడు రత్నానికి పాడయ్యాయన్నావు. ఇప్పుడు ఊరందరికీ పాడయ్యాయా? ఊరందరిదీ తప్పు, నా ఒక్కడిదే ఒప్పు అనుకోమంటావా? మీ కంపెనీవాళ్ళే రాశారు కదయ్యా, నా కన్ను పసుపుబారిందని.”

“వాళ్ళు రాసింది తప్పండి.”

కామేశం లేచి, అరలోంచి రెండు తానులు తీసి కౌంటరు మీద పెట్టాడు. చీటీలు లోపలికి మడిచాడు.

“ఇవి రెండూ వేరేనా?”

“వేరేనండి.”

“నువ్వు చూస్తున్నావుగా? నామాట కాదనలేక చెప్పటం లేదుగా? సరే. ఇందులో నెమలికంఠం ఏదో రత్నానికి చూపించు. ఒక్కసారి. నా మాట నమ్ముతుంది.”

గౌరినాయుడు ఎడమవైపు తాను చూశాడు. కుడివైపు తాను చూశాడు. నేత ఒకటే, పన్నా ఒకటే, మడత ఒకటే.

“ఎందుకండీ వాడిని ఇబ్బంది పెడతారు?” అంది రత్నం గుడ్డ మడుస్తూ. “ఏదైతే ఏటి, రెండూ ఒకటేగదా. అన్నం తినండి ముందు, చల్లారిపోతాది.”

కామేశం కదల్లేదు. గౌరినాయుడు కుడివైపు తాను మీద చెయ్యి పెట్టాడు.

కామేశం ఆ చేతి కింద ఉన్న రామా గ్రీన్ తానును చూశాడు. తర్వాత రెండు తానుల్నీ తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, రెండిటినీ ఒకే అరలోకి తోశాడు.